శనివారం పెట్టని సంతకం

పోయినవాటిని ముందు లెక్కపెడతాను. రెండంతస్తుల బట్టల దుకాణం ఒకటి. అందులో చలికాలం కోసం కుట్టి వేలాడదీసిన కోట్లు అరవై నాలుగు, కుట్టుమిషన్లు మూడు. ఎడమ చెవి వినికిడి పూర్తిగా. పై వరుసలో పళ్ళు నాలుగు. తల్లి అంత్యక్రియలు, తండ్రి అంత్యక్రియలు, చెల్లెలి పెళ్ళి. మూడేళ్ళు ఎదురుచూసి నాలుగో ఏట ఇంకొకరిని చేసుకున్న అమ్మాయి ఒకతె; అందులో ఆమె తప్పేమీ లేదని ఆయన ప్రతిసారీ చెప్పేవారు కాబట్టి నేనూ చెబుతున్నాను. ఇంట్లో కొవ్వొత్తుల ముందు కూర్చోకుండా గడిచిన శుక్రవారం సాయంత్రాలు మూడు వందల డెబ్బై ఐదు. పుట్టి పెరిగిన ఊరు ఒకటి. ఊరు అక్కడే ఉంది, ఆయనే మళ్ళీ అందులో అడుగు పెట్టలేదు.

ఈ జాబితా ఆయన చెప్పగా నేను రాసుకున్నది. కోట్లు అరవై నాలుగని అంత కచ్చితంగా ఎలా చెప్పగలరని అడిగితే, "బొత్తాలు కుట్టింది నేనే" అన్నారు.

గత నెల, తొంభై ఏళ్ళ వయసులో, ఆయన చనిపోయారు. చేయని నేరానికి ఏడేళ్ళకు పైగా జైల్లో ఉన్న మనిషి. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు ఎక్కడ వెతికినా పక్కన 'దోషి' అన్న మాట కూడా వస్తుంది. ఆ మాట కొట్టేసిన రోజున పేరు రాస్తాను.

అమెరికాలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద, ఒక చీరల షాపుకీ ఒక నగల షాపుకీ మధ్య మా షాపు ఉంది. జిరాక్స్, పాస్‌పోర్టు ఫోటోలు, నోటరీ. నేను ఇంటర్‌తో చదువు ఆపేసినవాణ్ణి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఏ ఏడాది ఏ తేదీ చెప్పినా అది ఏ వారమో వేళ్ళ మీద లెక్కేసి చెప్పగలను. అందుకని మనవాళ్ళు వీసా పనులకి నా దగ్గరికి వస్తారు. పాస్‌పోర్టులోని ముద్రలు చూసి, ఎన్ని రోజులు అమెరికాలో ఉన్నారో ఎన్ని రోజులు బయట ఉన్నారో పట్టిక వేసి ఇస్తాను.

పదకొండేళ్ళ కిందట ఒక బుధవారం ఆయన మొదటిసారి వచ్చారు. పొట్టి మనిషి. ఇస్త్రీ చేసిన కోటు, తల వెనక చిన్న గుండ్రటి టోపీ. చేతిలో కోర్టు కాగితాల కట్ట. రెండేసి కాపీలు కావాలన్నారు. మిషన్ తిరుగుతుండగా ఊరుకోవచ్చు కదా, మాట కలిపాను.

"మీరు యూదులా సార్? మా ఊళ్ళో మీవాళ్ళంటే చాలా గౌరవం. డబ్బు విషయంలో మీకున్న తెలివి ఇంకెవరికీ రాదంటారు."

నిజంగా మెచ్చుకున్నానని అనుకున్నాను. మనవాళ్ళలో చాలామంది అనే మాటే అది. ఆయన కోపం తెచ్చుకోలేదు. కట్టలోంచి ఒక కాగితం తీసి, ఒక వరుస కింద వేలు పెట్టి, "పైకి చదువు" అన్నారు.

చదివాను. అది ఆయన మీద కేసులో ప్రభుత్వ లాయరు జ్యూరీతో చెప్పిన చివరి మాట. 'డబ్బు విషయంలో ఈ జాతికి ఉన్న తెలివి మనకెవరికీ లేదు. ఆ తెలివే ఈ దుకాణాన్ని తగలబెట్టింది.'

"నువ్వు మెచ్చుకున్నావు, ఆయన జైలుకి పంపించాడు. మాట మాత్రం ఒకటే, చూశావా?" అన్నారు. తర్వాత, "ఇరవై ఎనిమిది కాపీలు. లెక్కపెట్టుకో" అన్నారు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కాపీలు లెక్కపెట్టాను. ఇరవై ఏడే ఉన్నాయి. నా జీవితంలో అలా లెక్క తప్పిన రోజులు తక్కువ.

తర్వాత ప్రతి బుధవారం వచ్చేవారు. జైలు గేటు తెరిచి ఆయన్ని బయటికి వదిలింది ఒక బుధవారమట. "అందుకని బుధవారం బుధవారం వాళ్ళ తలుపు నేను తడతాను" అనేవారు. అంటే ఆయన్ని జైల్లో పెట్టిన అమెరికా దక్షిణాది రాష్ట్రపు న్యాయశాఖకి ఒక ఉత్తరం. నా మీద తీర్పు తప్పు, దాన్ని కొట్టేయండి అని. జవాబు వచ్చినా రాకపోయినా ఉత్తరం ఆగేది కాదు.

ఆయనకొక అలవాటు ఉండేది. ఎక్కడ సంతకం పెట్టినా, పైనా కిందా మిగిలిన ఖాళీ మీద అడ్డంగా పెన్నుతో గీత కొట్టేవారు. కొరియర్ రసీదు మీద, హోటల్ బిల్లు మీద కూడా. మా ఆవిడ పుట్టినరోజుకి కార్డు ఇచ్చారు. శుభాకాంక్షలకీ సంతకానికీ మధ్య జానెడు ఖాళీ. దాని మీద మూలనుంచి మూలకి గీత.

"ఇదేంటండీ, విషెస్ క్యాన్సిల్ చేశారా ఆయన?" అంది మా ఆవిడ.

ఆ గీత వెనక సంగతి ఇదీ. ఆయనకి ఇరవై మూడేళ్ళప్పుడు, ఒక శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి, ఆయన చూసుకునే మేనమామ దుకాణం కాలిపోయింది. బీమా కోసం వీళ్ళే తగలబెట్టుకున్నారని పోలీసులు ఆ రాత్రే ఆయన్ని పట్టుకుపోయారు. ఆయన ఇంట్లో శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే కొవ్వొత్తులు వెలిగిస్తారు, సూర్యాస్తమయంతో విశ్రాంతి దినం మొదలవుతుంది. అప్పటినుంచి శనివారం రాత్రి ఆకాశంలో మూడు చుక్కలు కనిపించేదాకా నిప్పు వెలిగించకూడదు, పెన్ను పట్టకూడదు. శనివారం చుక్కలు పొడిచాక ఒక పోలీసు వచ్చి, నీ వాచీకీ బెల్టుకీ టోపీకీ రసీదు, అడుగున సంతకం పెట్టమన్నాడు. పెట్టారు. పైన చాలా ఖాళీ ఉంది. కోర్టులో ఆ కాగితం బయటికొచ్చేసరికి ఖాళీ లేదు. నిప్పు నేనే పెట్టానని టైపు చేసి ఉంది. తేదీ దగ్గర, శుక్రవారం రాత్రి పదకొండు గంటలు.

"శుక్రవారం రాత్రి నేను సంతకం పెట్టను, ఎప్పుడూ పెట్టలేదు అని చెప్పాను" అన్నారు ఆయన.

"మరి జ్యూరీ ఏమంది?"

"నవ్వింది. ఒకాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు."

ఆయన వల్ల నేను మారిన చోటు ఒకటి చెప్పాలి. మా తెలుగు చర్చిలో ఒక ఏడు గుడ్ ఫ్రైడే కూటంలో మాట్లాడిన బ్రదర్, యేసుని యూదులు చంపారు, ఆ జాతికి శాపం తగిలింది అన్నారు. చిన్నప్పటినుంచీ విన్న మాటే. ఆ రోజు మాత్రం కూర్చోలేక లేచాను.

"బ్రదర్, ఎంతమంది?" అన్నాను.

"ఏంటి ఎంతమంది?"

"ఆ రోజు ఆ గుంపులో ఎంతమంది ఉన్నారు?"

"అదిగో, లెక్కల బ్రదర్ స్టార్ట్ చేశారు!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

"వందో, రెండొందలో అనుకుందాం. మిగతావాళ్ళ పేరు ఎందుకు కలుపుతున్నారు? యేసు తల్లి ఎవరు? శిష్యులు ఎవరు? వాళ్ళని ఏ లెక్కలో వేస్తారు?"

కాఫీ దగ్గర ఇద్దరు నాతో మాట్లాడలేదు. మరుసటి ఏడు అదే బ్రదర్ 'కొందరు' అన్నారు. ఈ సంగతి ఆయనకి చెబితే, "కొందరు అనే మాటకి రెండు వేల ఏళ్ళు పట్టిందా? మా రాష్ట్రం ఇంకా నయం" అన్నారు.

రోజుల లెక్క దగ్గర నాకూ ఆయనకీ ఒకసారి గట్టిగా పడింది. ప్లెయిన్స్‌బరో నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అతను వచ్చి ఉన్నాడు. అమెరికా బయట గడిపిన రోజుల్ని హెచ్‌-వన్‌ ఉద్యోగ వీసా గడువుకి మళ్ళీ కలిపించుకోవడానికి పట్టిక కావాలి.

"అన్నా, ఒక్క రోజు అటూ ఇటూ చేసి రౌండ్ చేసెయ్యవా? ఎవరు చూస్తారు?"

"ఇండియాకి వెళ్ళిన రోజూ, తిరిగొచ్చిన రోజూ తీసెయ్యాలి తమ్ముడూ. ఆ రెండూ అమెరికాలో ఉన్నట్టే. రూలు."

"నువ్వు ఆఫీసర్ల కన్నా స్ట్రిక్ట్ అన్నా!"

ఆ మూల కూర్చున్న ఆయన, అతనేం అడుగుతున్నాడని నన్నడిగారు. చెప్పాను.

"ఇచ్చెయ్యి, మిస్టర్ లెక్క." లెక్క అన్న తెలుగు మాట మా షాపులో విని, దాన్ని నా పేరు చేసేశారు.

"ఇవ్వడానికి అది నాది కాదు సార్."

"బాగుంది. అయితే నావి లెక్కపెట్టు. నేను రెండు వేల నాలుగు వందల నలభై రెండు రోజులే ఉన్నానని రాష్ట్రం అంటోంది."

పోలీసులు పట్టుకున్న తేదీ, జైలు గేటు దాటిన తేదీ తీసుకుని అక్కడే లెక్కేశాను. విచారణకి ముందు ఊరి జైల్లో ఉంచిన నూట ఎనభై తొమ్మిది రోజుల్ని రాష్ట్రం అసలు కలపలేదు. అవి కలిపి, గర్వంగా చెప్పాను: రెండు వేల ఆరు వందల ఇరవై తొమ్మిది.

ఆయన ముఖం ఎర్రబడింది. "రెండు తక్కువ."

"లేదు సార్, సరిగ్గా చూశాను. వెళ్ళిన రోజూ, వచ్చిన రోజూ..."

అక్కడే నా తప్పు నాకు తెలిసింది. ఇండియా ప్రయాణాల రూలుతో ఆయన జైలు లెక్క కట్టాను.

"నేను సెలవు మీద వెళ్ళలేదు. పట్టుకుపోయిన రాత్రి నా మంచం మీద ఎవరు పడుకున్నారు? వదిలిన రోజు సాయంత్రం నాలుగింటిదాకా ఎవరి గేటు లోపల ఉన్నాను? ఆ రెండు రోజులూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. రాయి."

రెండు వేల ఆరు వందల ముప్ఫై ఒకటి అని రాశాను. సాఫ్ట్‌వేర్ అతను తన పట్టిక తీసుకుని వెళ్ళిపోయాడు.

అసలు విషయం దొరికింది మూడేళ్ళ కిందట. ఒక బుధవారం ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చారు. ఎప్పుడూ కాపీ తీయించని కాగితాలు. జైలు శిక్షల రిజిస్టరులో ఆయన పేరున్న పేజీలు. రాష్ట్రాన్ని అడిగి తెప్పించుకున్నవే, ఆయన కేసు చూసే లాయరమ్మ కూడా చూసి పక్కన పెట్టిందట. ప్రతి వరుసలో ఒక తేదీ, పక్కన ఒకే మాట: హాజరు రిజిస్టరులో సంతకానికి నిరాకరణ, ఒంటరి గది, ఒక రోజు. సంతకం పెడితే ఆ రోజు భోజనం అందరితో. లేకపోతే చీకటి గదిలో రొట్టె.

తేదీ కనిపిస్తే వారం లెక్కేయడం నాకు అలవాటు. మిషన్ మీద మొదటి పేజీ పెడుతూ లెక్కేశాను. శనివారం. దాని కింద శనివారం. దాని కింద కూడా శనివారమే. మిషన్ ఆపేశాను.

"సార్, ఇవి శనివారాలు."

"అవును మరి. శనివారం నేను పెన్ను పట్టను కదా."

"అది మీకు తెలుసు. ఇది రాసిన గుమాస్తాకి తెలియదు. తేదీలే వేశాడు, వారాలు వేయలేదు. మీ మీద కోపంతో రాశాడే తప్ప మీకు సాయం చేద్దామని కాదు. శనివారం వస్తే ఈ మనిషి తిండి మానుకుంటాడు గానీ సంతకం పెట్టడని రాష్ట్రమే రాసుకుంది. మరి ఆ శుక్రవారం రాత్రి కాగితం మీద సంతకం ఎలా వచ్చింది?"

ఆయన కుర్చీలోంచి లేచారు. మళ్ళీ కూర్చున్నారు.

కానీ నాకు పూర్తిగా చూడనిదే నిద్ర పట్టదు. అన్ని వరుసలూ చూశాను. మొత్తం అరవై ఒకటి. శనివారాలు యాభై రెండు. తొమ్మిది కావు.

"సార్, తొమ్మిది తేడాగా ఉన్నాయి" అన్నాను మెల్లిగా. "వాళ్ళ లాయరు ముందు వీటినే పట్టుకుంటాడు. ఆ రోజుల్లో ఊరికే మొండికేశారా?"

"చదువు."

"ఒక గురువారం, మర్నాడు శుక్రవారం. వసంతంలో."

"పులియని రొట్టెల పండుగ. మొదటి రెండు రోజులు."

"మళ్ళీ ఆ వచ్చే వారం బుధ, గురు."

"అదే పండుగ. చివరి రెండు రోజులు. తర్వాతది ఎండాకాలం మొదట్లో ఒక శుక్రవారం, అవునా?"

అవును. ఆయన చేతిలో కాగితం లేదు. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయారు. కొత్త సంవత్సరం రెండో రోజు, ఆదివారం. ఉపవాసపు దినం, సోమవారం. ఆ తర్వాత ఇంకో రెండు పండుగ ఆదివారాలు. తొమ్మిదికి తొమ్మిదీ సరిపోయాయి. పెన్ను పట్టకూడని పండుగ రోజులవి.

"ఆ ఏడాది నా దగ్గర కేలండర్ లేదు. చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టుకున్నాను. ఒక్కటి కూడా తప్పలేదన్నమాట" అన్నారు. ఆ గర్వం చూసి నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

"మరి ఏడాది తర్వాత శిక్షలు లేవేం?"

"గార్డు విసిగిపోయాడు. శనివారం వస్తే నా పేరు పక్కన వాడే ఒక గీత గీసుకునేవాడు. నేను గెలిచిన మొదటి కేసు అది."

ఆ అరవై ఒక్క తేదీలకీ వారాలూ పండుగలూ పక్కన పెట్టి పట్టిక చేశాను. లాయరమ్మ దాన్ని జతచేసి, తీర్పు కొట్టేయమని కొత్తగా పిటిషన్ వేసింది. ఏడాది దాకా చప్పుడు లేదు. తర్వాత వచ్చింది తీర్పు కాదు, క్షమాభిక్ష. గవర్నర్ దయతో ఆయన నేరాన్ని క్షమిస్తారట. దాన్ని స్వీకరిస్తున్నానని సంతకం పెట్టి, నోటరీ ముద్ర వేయించి పంపాలి. పిటిషన్ మాత్రం వెనక్కి తీసుకోవాలి.

ఆ కాగితంతో వాళ్ళ మేనకోడలు ఆయన్ని మా షాపుకి తీసుకొచ్చింది. ఆమెకీ అరవై దగ్గర పడుతున్నాయి. ఆయనకి అప్పుడు ఎనభై ఎనిమిది.

"అంకుల్, పెట్టెయ్యి. గవర్నర్ స్వయంగా ఫోన్ చేస్తాడట" అంది.

"క్షమాభిక్ష ఎవరికిస్తారు?"

"తప్పు చేసినవాళ్ళకి. నాకు తెలుసు అంకుల్. కానీ నీకింకా ఎన్నేళ్ళున్నాయి? కోర్టు నీకోసం ఆగుతుందా?"

"జైల్లో ఉండగా నాలుగో ఏట ఇలాంటి కాగితమే తెచ్చారు. చేశానని ఒప్పుకుని సంతకం పెట్టు, రేపే ఇంటికి అన్నారు. మూడుసార్లు తెచ్చారు. అప్పుడు నాకు వయసుంది, ఆకలుంది, బయట మా అమ్మ ఉంది. అప్పుడే పెట్టలేదు. ఇప్పుడు వీళ్ళు నాకేం ఆశ చూపిస్తారు, ఫోన్ కాలా?"

ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. ఆయన నా వైపు తిరిగారు.

"మిస్టర్ లెక్క, నీ ముద్ర దేనికి?"

"సంతకం మీదేనని చెప్పడానికి సార్. పైన రాసింది నిజమా అబద్ధమా అన్నది నాకు తెలియదని అర్థం."

"ముద్ర చేతిలో ఉన్నవాడు ఆ మాట ఒప్పుకోవడం నా జీవితంలో ఇదే మొదటిసారి. ఒక తెల్ల కాగితం ఇవ్వు."

నిలబడే రాశారు. 'మీరు క్షమించడానికి నేనేమీ చేయలేదు. మిమ్మల్ని నేను క్షమిస్తానా అన్నది మీరింకా అడగలేదు.' సంతకం పెట్టారు. మిగిలిన ఖాళీ అంతా గీత కొట్టారు. నేను ముద్ర వేశాను. నా చేత్తో వేసిన ముద్రల్లో అంత గట్టిగా వేసింది ఇంకోటి లేదు.

"మొండి ముసలాడివి" అంది మేనకోడలు. తర్వాత నాతో, "రెండు కాపీలు తియ్యండి. ఒకటి నాకు" అంది.

పిటిషన్ అలాగే ఉంది. ఆయన బుధవారాలు మానలేదు. చివరి నాలుగు నెలలు నడవలేకపోతే ఉత్తరం ఆమె చేత పంపేవారు. కాపీ సరిగ్గా రాకపోతే ఫోన్ చేసి నన్ను తిట్టేవారు. గత నెల ఒక బుధవారం ఉత్తరం రాలేదు. మధ్యాహ్నం ఆమె ఫోన్ వచ్చింది.

ఇవాళ సోమవారం. పొద్దున ఆమె కోర్టు పంపిన ఉత్తరం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. దరఖాస్తుదారుడు మరణించినందున పిటిషన్ మూసివేయడమైనదని ఒకే వాక్యం. ఏడవడానికి రాలేదు ఆమె. కుటుంబం తరఫున మళ్ళీ వేయొచ్చని లాయరమ్మ చెప్పిందట. కొత్త దరఖాస్తు తెచ్చింది.

"తప్పుడు తీర్పు వల్ల కోల్పోయిన రోజులు ఎన్ని అని అడిగారు. రెండు వేల ఆరు వందల ముప్ఫై ఒకటే కదా?" అంది.

"అది గేటు లోపలి లెక్క మేడమ్" అన్నాను. "బయటికొచ్చాక ఆయనకి ఓటు హక్కు లేకుండా చేసింది ఎవరు? పెద్ద దుకాణాల్లో ఎవరూ ఉద్యోగం ఇవ్వకపోతే గదిలో కూర్చుని కోట్లు సరిచేసుకుని బతికింది ఎందుకు? వాళ్ళ పుస్తకంలో ఆయన ఈ పూటకి కూడా దోషే. చనిపోయినంత మాత్రాన ఆ మాట చెరిగిపోలేదు. మనమెందుకు లెక్క ఆపాలి?"

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "అయితే వెయ్యండి" అంది.

కాగితం మీద ఒకసారి, వేళ్ళ మీద ఒకసారి వేశాను. రెండూ కలిశాయి. పట్టుకుపోయిన ఆ శుక్రవారం నుంచి ఈ సోమవారం వరకు ఆ రాష్ట్రం ఆయనకి బాకీ ఉన్నది ఇరవై నాలుగు వేల ఆరు వందల తొమ్మిది రోజులు.